వీధికొక రంగు - లండను పేదరికపు పటం

ఒక నగరంలో పేదలు ఎందరు? వారు ఏయే వీధులలో నివసిస్తున్నారు? వారి పేదరికానికి హేతువేమి? చూడడానికి ఇవి సులభమైన ప్రశ్నలే. కాని 1880 ప్రాంతంలో, ప్రపంచంలోకెల్ల పెద్ద నగరమైన లండనులో వీటికి లెక్కతో సమాధానం చెప్పగలవారు లేరు. అభిప్రాయాలకు మాత్రం కొదవ లేదు. తూర్పు లండను అంతా దొంగలతోను, తాగుబోతులతోను నిండి ఉన్నదని కొందరు నమ్మేవారు. పేదల సోమరితనమే వారి పేదరికానికి కారణమని మరికొందరు వాదించేవారు. ఊహకు బదులు కొలత కావాలని పూనుకొన్నవాడు చార్లెస్ బూత్.

బూత్ విశ్వవిద్యాలయ పండితుడు కాడు. 1840లో లివర్‌పూల్‌లో జన్మించి, అన్నగారితో కలిసి ఓడల వ్యాపారం నడిపిన వర్తకుడు. దేనినైనా అంకెలలో చూడడం ఆయనకు అలవాటు. 1886లో తన సొంత ధనంతో ఈ పరిశోధన ప్రారంభించాడు. అది 1903 వరకు సాగి 17 సంపుటాల గ్రంథంగా వెలువడింది.

బూత్ మొదట ఎన్నుకొన్న ప్రాంతం టవర్ హామ్లెట్స్. లండను కోటకు తూర్పున, థేమ్స్ నదికి ఉత్తరపు గట్టున ఉండిన పల్లెలకు వచ్చిన పేరిది. ఊరు పెరిగి ఈ పల్లెలను తనలో కలుపుకొన్నది. 1965లో స్టెప్నీ, పాప్లర్, బెత్నల్ గ్రీన్ అనే మూడు విభాగాలను కలిపి ఏర్పరచిన నగర విభాగానికి కూడా ఈ పేరే పెట్టారు.

ఈ ప్రాంతంలో పేటకు పేటకు పోలిక లేదు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దు చేయగా పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లు స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు మగ్గాలు వేశారు. మగ్గానికి వెలుతురు చాలడానికై పై అంతస్తులలో వెడల్పైన కిటికీలు పెట్టుకొన్నారు. 1881 తరువాత రష్యా సామ్రాజ్యంలో హింసకు గురియైన యూదులు వైట్‌చాపెల్ చేరి దర్జీ పనిలో కుదురుకొన్నారు. నది వెంట ఓడరేవులు ఉండేవి. 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పిన ఈస్టిండియా కంపెనీ నౌకల కోసం 1806లో బ్లాక్‌వాల్ వద్ద తెరచిన రేవు వీటిలో ఒకటి. రేవులలో కూలి ఏ రోజుకారోజే. ఉదయం గేటు వద్ద గుంపుగా నిలబడిన వారిలో కొందరికే పని దొరికేది. మిగిలినవారు ఉత్త చేతులతో ఇంటికి మరలేవారు.

ఇన్ని లక్షల మందిని పరిశీలించడం ఎట్లా? బూత్ ఒక ఉపాయం కనిపెట్టాడు. 1870 విద్యా చట్టం వచ్చిన తరువాత బడియీడు పిల్లల వివరాలు వ్రాసుకొనడానికి పాఠశాలా మండలి ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగేవారు. తండ్రి వృత్తి ఏమి, పిల్లలు ఎందరు, ఇంటిలో గదులు ఎన్ని అన్నవి వారికి బాగా తెలుసు. బూత్, ఆయన సహాయకులు ఈ ఉద్యోగులను గంటల తరబడి ప్రశ్నించి, సమాధానాలను నోటు పుస్తకాలలో వ్రాసుకొన్నారు. బియాట్రిస్ పాటర్ అనే యువతి రేవు కూలీల స్థితిని, దర్జీ పనిని పరిశీలించింది. బూత్ స్వయంగా కొన్ని వారాలు కార్మికుల ఇండ్లలో గది అద్దెకు తీసుకొని ఉన్నాడు.

సామాన్య కుటుంబానికి వారానికి 18 నుండి 21 షిల్లింగుల స్థిరమైన ఆదాయం ఉంటే, దానిని ఆయన 'పేద' కుటుంబంగా లెక్కించాడు. అంతకు తక్కువైతే 'మిక్కిలి పేద'. తరువాత వీధులకు రంగులు వేశాడు. అట్టడుగు వర్గానికి నలుపు, మిక్కిలి పేదలకు ముదురు నీలం, పేదలకు లేత నీలం, పేదలు, సుఖజీవులు కలిసి ఉన్నచోట ఊదా, ఓ మాదిరి సుఖంగా ఉన్నవారికి గులాబి, మధ్య తరగతికి ఎరుపు, ధనికులకు పసుపు. మైలుకు ఆరంగుళాల చొప్పున గీసిన పటం మీద నగరం వీధి వీధిగా కన్పించింది.

పదేండ్లు గడిచేసరికి పటం పాతబడింది. అందుచేత 1897 నుండి జార్జి డక్‌వర్త్ మొదలైన సహాయకులు కాలినడకన మళ్లీ బయలుదేరారు. ఆయా పేటలలో గస్తీ తిరిగే పోలీసు ఉద్యోగి తోడుగా వచ్చేవాడు. కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయా, పిల్లల కాళ్లకు జోళ్లు ఉన్నాయా అని చూచి, వీధికి పాత రంగు ఉంచవలెనో మార్చవలెనో అక్కడికక్కడే వ్రాసుకొనేవారు. ఈ నోటు పుస్తకాలు నేటికీ లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో భద్రంగా ఉన్నాయి.

పటంలో ఒక సంగతి స్పష్టంగా కన్పిస్తుంది. వైట్‌చాపెల్ పెద్దరోడ్డు దుకాణాలతో ఎర్రగా ఉంటుంది. ప్రక్క సందులోకి నాలుగడుగులు వేస్తే ముదురు నీలం వస్తుంది. రైలుకట్టలు, కాలువలు, ఒకవైపే దారి ఉన్న సందులు కొన్ని పేటలను మిగతా ఊరికి దూరం చేస్తున్నాయని, అట్టి చోట్ల పేదరికం గూడు కట్టుకొంటున్నదని బూత్ గమనించాడు.

ఇక లెక్కలు చూద్దాం. తూర్పు లండనులో నూటికి 35 మంది, లండను మొత్తంలో నూటికి 30.7 మంది పేదరికంలో ఉన్నారని తేలింది. అంతకన్న ముఖ్యమైనది కారణాల పట్టిక. తూర్పు లండనులోని మిక్కిలి పేదలలో నూటికి 55 కుటుంబాల దుస్థితికి పని దొరకకపోవడమో, దొరికిన పనికి కూలి చాలకపోవడమో కారణం. జబ్బు, పిల్లలు ఎక్కువగా ఉండడం వంటివి 27. తాగుడు, దుబారా 14. సోమరితనం 4 మాత్రమే! దశాబ్దాల నీతిబోధను ఒక చిన్న పట్టిక ఈ విధంగా తారుమారు చేసింది.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. అట్టడుగు వర్గాన్ని బూత్ 'దుర్మార్గులు, సగం నేరస్థులు' అని పేర్కొన్నాడు; అది కొలత కాదు, తీర్పు. కుటుంబాన్ని గురించి కుటుంబాన్నే అడగక, ఉద్యోగుల మాటమీద, పోలీసుల చూపుమీద ఆధారపడ్డాడు. పటంలో నల్లగా ఉన్న ఓల్డ్ నికల్ అనే మురికివాడను 1890 తరువాతి దశాబ్దంలో పడగొట్టి, నగర మండలి చక్కని ఇండ్లు కట్టించింది. 1900లో వాటికి ప్రారంభోత్సవం జరిగింది. కాని పాత కాపురస్థులలో బహు కొద్దిమందికే వాటిలో చోటు దొరికింది. తక్కినవారు చుట్టుపట్ల సందులలోకి చేరారు. వీధి రంగు మారినంత మాత్రాన మనుషుల స్థితి మారదని దీనివల్ల తెలుస్తుంది.

అయినా ఫలితం తక్కువది కాదు. వృద్ధాప్యం పేదరికానికి గొప్ప కారణమని గ్రహించిన బూత్ 1891 నుండి అందరికీ పింఛను ఇవ్వాలని వాదించాడు. 1908లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 70 ఏండ్లు నిండిన పేదవారికి వారానికి 5 షిల్లింగుల వరకు పింఛను లభించింది. ఈ పరిశోధన చూచి ప్రేరణ పొందిన సీబామ్ రౌన్‌ట్రీ, యార్క్ నగరంలో ఇల్లిల్లూ విచారించి, 1901లో ప్రచురించిన గ్రంథంలో నూటికి సుమారు 28 మంది పేదలని చూపాడు. లండను ఒక వింత కాదని అప్పుడు దేశానికి తెలిసింది.

ఆ పేటలు తరువాత ఎన్నో మార్పులు చూశాయి. బ్రిక్ లేన్‌లో 1743లో హ్యూగెనాట్లు కట్టిన ప్రార్థనాలయం 1819లో మెథడిస్టులదయింది. 1898లో యూదుల దేవాలయమయింది. 1976 నుండి, బంగ్లాదేశ్ నుండి వచ్చి స్థిరపడినవారి మసీదుగా ఉన్నది. 1980లో మూతబడిన వెస్టిండియా రేవుల స్థలంలో నేడు ఆకాశాన్నంటే బ్యాంకు భవనాలు నిలిచి ఉన్నాయి. వాటి నీడలో ఇప్పటికీ పేద కుటుంబాలు ఉన్నాయి. బూత్ వేసిన రంగులు పాతబడవచ్చు. వీధిలోకి వెళ్లి, చూచి, లెక్కించిన తరువాతనే మాట్లాడాలన్న ఆయన పాఠం మాత్రం పాతబడలేదు.