బిందె మీద పేరు, బానెట్ మీద మచ్చ

పోయిన దసరాకు వాహన పూజ ఉందని మా ఆయన కారును మెరిపించే పనిలో పడ్డారు. ఎనిమిదేళ్ల ఎర్ర కారు. మేముండే రఘునాథపల్లి హైదరాబాద్–వరంగల్ హైవే మీదే కాబట్టి దుమ్ముకు కొదవ లేదు. బయట పాలిష్ చేయిస్తే చాలా అవుతుందని, పదిహేను వందల్లో ఒక చిన్న గ్రైండర్, దానికి బిగించే స్పాంజి ప్యాడ్, ఒక డబ్బా కాంపౌండ్ తెచ్చుకున్నారు. అరగంటలో డోర్లు తళతళలాడాయి. పిల్లలు అందులో మొహాలు చూసుకుని మురిసిపోయారు. బానెట్ అంచు దగ్గరికి వచ్చేసరికి అరచేతి వెడల్పున బూడిద రంగు మచ్చ తేలింది. తుడిచి చూశాం. అది మరక కాదు, అక్కడ ఎర్ర రంగే లేదు.

అందరూ ఆయన మీద పడ్డారు గానీ, నేను నోరు మెదపలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

మెరిపించడమంటే ఏదో పూయడం అనుకుంటాం. నిజానికి అరగదీయడం. పైపొరలో ఉన్న ఎత్తుపల్లాలను అరగదీసి చదును చేస్తే వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది, దాన్నే మనం మెరుపంటాం. ఈ సంగతి మన ప్రాంతం వాళ్లకు ఎప్పుడో తెలుసు. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడికి వెళ్తే, ఆ నల్లరాతి మదనికలను చూడండి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా నున్నగా నిగనిగలాడుతుంటాయి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జనం పెరిగారు గానీ, అందరూ తేలే ఇటుకల గురించే మాట్లాడతారు. నాకైతే ఆ నునుపే వింత. రాయిని నునుపు చేయాలంటే ముందు గరుకుగా, తర్వాత ఇంకా మెత్తగా రుద్దుకుంటూ పోవడమే దారి. ఎన్ని చేతులు, ఎన్ని రోజులు పట్టాయో!

ఇటువైపు జనగామ దాటితే పెంబర్తి. ఇత్తడి రేకును లక్క మీద పెట్టి, ఉలితో, సుత్తితో బొమ్మలు తేల్చి, గుళ్లకు తొడుగులు, ఇళ్లకు పటాలు చేసే ఊరు. అక్కడా చివరి పని మెరుపే.

మరి కారుకు ఈ అరగదీత ఎలా వచ్చింది? తొలినాటి కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్టే వార్నిష్ పొరలు పొరలుగా పూసేవారు. ఒక్కో పొర ఆరడానికి రోజులు, కారు మొత్తానికి వారాలు పట్టేది. మన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ ఆ కాలానిదే. అది చేరకముందే 1911లో ఆయన పోయారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, చూసే ఉంటారు. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే లక్కర్ తెచ్చింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. కాకపోతే దాన్ని కాంపౌండ్‌తో రుద్దితేనే నిగారింపు వచ్చేది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా మైనం పూసి ఆ నిగారింపును కాపాడుకునేవారు. చేతి పనికి తోడుగా కరెంటు వచ్చింది: చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లును జర్మనీలోని ఫైన్ కంపెనీ 1895లోనే చేసింది. తిరిగే మోటారు చేతికొచ్చాక దానికి గుడ్డో ఉన్నో కట్టి రుద్దడానికి ఎంతసేపు?

1980ల తర్వాత కార్ల రంగు మీద క్లియర్ కోట్ అని రంగులేని పొర వేయడం ఎక్కువైంది. మెరుపంతా అందులోదే. ఆ పొర మన తలవెంట్రుక కంటే సన్నం! అంచుల దగ్గర ఇంకా పలచన. మా ఆయన తెచ్చిన గ్రైండరేమో ఇనుము కోసేది, నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. పాలిష్‌కు వెయ్యి, రెండు వేల చుట్లు చాలు. ఒకేచోట అర నిమిషం ఆగినా వేడికి పొర కాలిపోతుంది. కొనదలిస్తే స్పీడు తగ్గించుకునే పాలిషరే కొనండి, అందులోనూ గుండ్రంగా తిరుగుతూ అటూ ఇటూ ఊగే రకమైతే వేడి ఒకచోట చేరదు. అంచులకు ముందే మాస్కింగ్ టేపు అంటించండి. చిన్న గీతలకు చేత్తో మైనం పూసుకున్నా సరిపోతుంది.

ఇక నా సంగతి. అత్తమ్మకు పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి బిందె ఒకటుంది. పేరు, ఊరు, ఏడు చుక్కలు చుక్కలుగా కొట్టించారు. నలభై ఏళ్లు ఆమె చింతపండు, బూడిద, కొబ్బరి పీచుతో తోమినా ఒక్క చుక్క చెరగలేదు. చేత్తో తోమితే అరిగేది అంత తక్కువ, పైగా వేళ్లకు అక్షరం తగులుతూనే ఉంటుంది. గృహప్రవేశానికి నేనే ముచ్చటపడి ఆ బిందెను మెషిన్ పాలిష్‌కు ఇచ్చాను. బంగారంలా వచ్చింది. అత్తమ్మ అందుకుని, పేరున్న చోట బొటనవేలు పెట్టి ఒకసారి తడిమి, ఏమీ అనకుండా బియ్యపు డబ్బాల వెనక పెట్టేసింది. వాళ్ల ఊరి పేరు పూర్తిగా పోయింది. ఆమె పేరులో రెండక్షరాలు వంచి వెలుతుర్లో పట్టుకుంటే కనిపిస్తాయి.

బానెట్‌కు రంగు వేయించడానికి ఎంతవుతుందో ఆయన ఇంకా కనుక్కుంటున్నారు. పూజ మాత్రం ఆపలేదు. మచ్చ మీద అత్తమ్మే పసుపు రాసి, బొట్టు కాస్త పెద్దగా పెట్టింది.