పాతయంత్రమునకు కొత్తపని

కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములు రెండును పత్తిని నమ్ముకొని బ్రతికినవే. గింజ తీసిన దూదిని బేళ్లుగా కట్టి దేశాంతరములకు పంపుటలో మొదటిది పేరొందగా, నూలును వస్త్రముగా నేయుటలో రెండవది పేరొందినది. విజయనగర రాజుల దుర్గమై, పిమ్మట బిజాపురము వారికిని, మొగలాయీలకును వశమై, నిజాము సోదరుడగు బసాలత్ జంగునకు జాగీరై, టిప్పు సుల్తాను ముట్టడికి లోనై, 1800లో ఆంగ్లేయుల పాలబడి, 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రపు కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని సీమకు ఏలిక మారుట వింత కాదు. అయితే ఏలిక మారినంత వడిగా ఇచట పనిముట్టు మారలేదు. తండ్రినాటి పనిముట్టుమీదనే కొడుకునాటి పని జరుగుట ఈ సీమలో చిరకాలముగా నున్న నియమము. ఈ నియమము కంప్యూటరు లోకమున సైతము ప్రవేశించి, అచట వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియునట్లు మార్చు కంపైలరు అను సాధనమునకు ఒక కొత్త కర్తవ్యమును ఎట్లు తెచ్చిపెట్టెనో చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. 1954లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగినది. సంఘము కొత్తది, మగ్గము పాతది. నేతగాడు గుంటలో కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండి, పాదములతో తొక్కుడు కర్రలను త్రొక్కుచు, చేతితో నాడెను విసరెడి ఆ గుంటమగ్గమునకు, 1733లో ఇంగ్లండున జాన్ కే కనిపెట్టిన త్రాటినాడె ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మదరాసు రాజధాని యంతట వ్యాపించి, గుంటను పూడ్పింపకయే అమరినది. అంచులలో చిన్న పూలు తీయుటకు డాబీయు, పెద్ద బొమ్మలు తీయుటకు 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జకార్డు సిద్ధపరచిన చిల్లుల అట్టల యంత్రమును, అట్లే చేనేత మగ్గములకు అనుబంధములైనవి.

కాని ప్రతి మగ్గమును ప్రతి అనుబంధమును మోయజాలదు. జకార్డును మగ్గమునకు పైన చట్రము కట్టి నిలుపవలెను గనుక, మిద్దె దూలములు తలకు తగులునట్లున్న యింట దానికి చోటు చాలదు. కావున నేతపనిలో కొత్త డిజైను నిచ్చువాడు, అట్టలకు చిల్లులు కొట్టింపక మునుపే, ఈ మగ్గమునకు డాబీ కలదా, జకార్డు కలదా, ఇంటి మిద్దె ఎత్తు చాలునా అని విచారింపవలెను. లేదని తెలిసినచో ఆ మగ్గమునకు వట్టి గీతల అంచు బట్ట నప్పగింపవలెను. ఈ విచారణ ఏ పుస్తకమునను వ్రాసియుండునది కాదు, పని పంచువాని జ్ఞాపకమునందుండునది. అతడు మరచినచో నూలును, కూలియు, కాలమును నష్టము.

జకార్డు అట్టలలోని చిల్లును చూచియే ఇంగ్లండులో బాబేజి తన గణనయంత్రమునకు చిల్లుల అట్టలతో ఆజ్ఞ లిచ్చు నుపాయమును తలచెను. అటుపిమ్మటి కంప్యూటరులకు ఆపరేటింగు సిస్టము అనునది ఏర్పడి, తెరమీద అక్షరము గీయుట, ఫైలు తెరచుట, చిత్రము చూపుట మొదలగు పనులను తానే చేసిపెట్టుచు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఫంక్షనును ప్రోగ్రాము వ్రాయువానికి అందించినది. ప్రతి కొత్త వెర్షనుతోను కొన్ని కొత్త ఫంక్షనులు పుట్టును. ప్రోగ్రామరు బల్లమీద నుండునది కొత్త వెర్షను, ప్రోగ్రాము పోయి చేరు ఊళ్లలో నుండునది పాత వెర్షను. నేతపనిలోని ప్రశ్నయే ఇచట మరల లేచినది: అడుగబోవు పనిని చేయగల శక్తి అవతలి యంత్రమునకు కలదా?

తెలుగువారికి ఈ ప్రశ్న అక్షరముల మూలముననే మొదట ఎదురైనది. విండోస్ 2000లో దేవనాగరికిని, తమిళమునకును మాత్రమే చోటు దొరకగా, 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడునకు స్థానము లభించినది. అదియైనను వెంటనే పనిచేయక, కంట్రోల్ ప్యానెలులోని ప్రాంతీయ భాషల పుటలో క్లిష్టలిపులకు సంబంధించిన గడిని గుర్తించి, ఎక్స్‌పి సీడీని పెట్టి, యంత్రమును మరల ప్రారంభించిన తరువాతనే ఒత్తులు అక్షరముల క్రిందికి చేరెడివి. డి.టి.పి. దుకాణములవారు 'అను' అనెడి పేరుగల ఫాంటులతో పెండ్లిపత్రికలు చేసికొనుచు ఈ గొడవకు దూరముగా నుండిరి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నెట్ సెంటరులో తెరచినవానికి మాత్రము పాతయంత్రముమీద తెలుగునకు బదులు డబ్బాలు కనబడెడివి.

అట్టి పాత విండోసులలో ప్రోగ్రాము కొత్త ఫంక్షనును నేరుగా పేరుపెట్టి పిలిచినచో, ఆ ఫంక్షను అవసరము పడునది ఏ మూలనున్న మీట నొక్కినప్పుడైనను, ప్రోగ్రాము మొత్తము ఆరంభమునందే ఆగిపోయి, ఫలాని ప్రవేశస్థానము ఫలాని డి.ఎల్.ఎల్.లో కానరాలేదని ఒక గడి తెరమీద కనబడెడిది. ఇందుకు విరుగుడుగా ప్రోగ్రామరులు ఆ ఫంక్షను చిరునామాను నడక మధ్యలో అడిగి, దొరికినచో వాడి, దొరకనిచో మానుకొను పద్ధతి నవలంబించిరి. ఆపిల్ సంస్థవారు 2002 నాటి మాక్ ఓఎస్ టెన్ 10.2 కాలమున దీనినే సులభముచేసి, పాతయంత్రమున లేని ఫంక్షనుకు శూన్యమగు చిరునామా నిచ్చి ప్రోగ్రామును లేవనిచ్చు ఏర్పాటు చేసిరి. ప్రోగ్రాము లేచుట మంచిదే. కాని ఆ శూన్యమును పరీక్షింపక పిలిచిననాడు అది నడుమ కుప్పగూలును. వ్రాసినవాని కొత్తయంత్రముమీద ఎన్నడును కూలదు గనుక, లోపము వానికి కనబడనే కనబడదు; అది పాతయంత్రము గలవాని పాలికే మిగులును.

పేరునుబట్టి అడుగుటలోను ఒక మోసము కలదు. పాత వెర్షనులో అదే పేరుతో, తయారీదారులు తమ స్వంతమునకు దాచియుంచుకొన్న అసంపూర్ణమగు ఫంక్షను ఒకటి యుండవచ్చును. పేరు ఉన్నదను ప్రత్యుత్తరమును నమ్మి పిలిచినచో మరియొకటి జరుగును. ఆండ్రాయిడులో ఇంకొక విచిత్రము సంభవించినది: ఒక అక్షరమునకు ఫోనులో రూపము కలదా యని అడుగు ఫంక్షను 2015 నాటి ఆండ్రాయిడు 6.0లో గాని పుట్టలేదు. అనగా లేమిని కనుగొను సాధనమే, లేమి యధికముగా నున్న పాత ఫోనులలో లేదు! అందుచేత గూగుల్ వారు తమ సహాయక లైబ్రరీలో వేరొక తోవ త్రొక్కిరి: అడిగిన అక్షరము గీసినచో వచ్చు కొలతలను, రూపము లేనప్పుడు వచ్చు డబ్బా కొలతలతో పోల్చి, రెండును సరిపోయినచో అక్షరము లేదని నిర్ణయించుట.

ఇన్ని తెలివితేటలును ప్రోగ్రామరు జ్ఞాపకముమీదనే ఆధారపడినవి. జ్ఞాపకపు భారమును సాధనముమీదికి మార్చిన ఘట్టములు మూడు పేర్కొనదగినవి. 2012లో ఆండ్రాయిడు పనిముట్లలోని లింట్ అను పరీక్షకుడు, ప్రోగ్రాము ప్రకటించిన కనిష్ఠ వెర్షనుకంటె తరువాత పుట్టిన ఫంక్షనులను ఎత్తిచూప మొదలిడెను. 2015లో ఆపిల్ వారి స్విఫ్ట్ భాష రెండవ వెర్షను ఇంకొక అడుగు వేసి, అట్టి పిలుపును దోషముగానే పరిగణించి, దిద్దనిదే ప్రోగ్రామును తయారుచేయ నిరాకరించెను. 2017లో క్లాంగ్ కంపైలరు ద్వారా ఈ రక్షణ సి, ఆబ్జెక్టివ్ సి భాషలకును హెచ్చరికల రూపమున అబ్బినది. పాతకాలపు ప్రోగ్రాములన్నియు ఒక్కసారిగా హెచ్చరికలతో నిండిపోకుండుటకై, ఆ యేటినుండి పుట్టిన ఫంక్షనులకు మాత్రమే అది అడుగకయే పనిచేయునట్లు ఏర్పరచిరి.

దీని పద్ధతి యిది. ప్రతి ఫంక్షను ప్రకటన ప్రక్కను అది ఏ వెర్షనులో పుట్టినదో వ్రాసియుండును. ప్రతి ప్రోగ్రామును తాను దిగివచ్చి పనిచేయదలచిన కనిష్ఠ వెర్షనును చెప్పును. కంపైలరు గాని, లింట్ వంటి పరీక్షకుడు గాని ఈ రెండు సంఖ్యలను సరిచూచును. ఒక యాప్ 2013 నాటి ఆండ్రాయిడు 4.4 మొదలుకొని పనిచేయుదునని ప్రకటించి, ఇందాకటి అక్షరపరీక్ష ఫంక్షనును పిలిచినదనుకొందము. నాలుగు ఎక్కడ, ఆరు ఎక్కడ యని పరీక్షకుడు ఆ పంక్తి క్రింద గీత గీచును. అప్పుడు ప్రోగ్రామరు, 'ఫోను వెర్షను ఆరు గాని అంతకు మించినది గాని అయినచో' అను షరతులో ఆ పిలుపును ఇమిడ్చవలెను. ఇమిడ్చినంతనే గీత మాయమగును. షరతు తయారీవేళ చదువబడునది, ప్రశ్న ఫోనులో నడకవేళ అడుగబడునది. ఈ రెండింటి పొత్తువలన, ప్రశ్న వేయక పని నాజ్ఞాపించుట దాదాపు అసాధ్యమైనది.

అయితే ఈ షరతునకు రెండవ పాయ యొకటి కలదు: 'కానిచో'. ఆ పాయలో ఏమి వ్రాసిరో కంపైలరు విచారింపదు. అచట తెలుగు అక్షరములను చిత్రములుగా చూపు మార్గము నున్నను, కొత్త ఫోను కొనుడను వాక్యము నున్నను, ఏమియు లేక శూన్యమున్నను, దాని దృష్టిలో మూడును సమానములే. గుంటమగ్గమునకు గీతల అంచు బట్ట నప్పగింపవలెనని తలచిన పని పంచువాని వివేకము ఏ కంపైలరులోను లేదు. అది ప్రశ్నను మరువనీయదు గాని, సమాధానము నీయజాలదు.

ఇది ఆదోని సీమకు దూరపు ముచ్చట కాదు. 2025లో కాటన్ కార్పొరేషన్‌వారు మద్దతుధరకు పత్తిని అమ్ముకొనదలచిన రైతులకు కపాస్ కిసాన్ అను యాప్ ద్వారా నమోదు ఏర్పరచిన నాటినుండి, పత్తిబండి యార్డునకు బయలుదేరుటకు ముందు ఫోను కదలవలసి వచ్చినది. ఈ తట్టున ఫోను పలువురి చేతులు మారును: పట్నములో చదువు కొడుకు వాడి విడిచినది తండ్రికి వచ్చును, తండ్రిది తల్లితోపాటు మిరపకోతల సుగ్గికి గుంటూరుదాక పోవును, తెర పగిలినను బ్యాటరీ ఉబ్బువరకు పనిచేయును. అట్టి ఫోనులోని వెర్షను ఏదో దాని యజమానునికి తెలియదు, తెలియవలసిన పనియు లేదు. తెలిసికొనవలసిన బాధ్యత పని నడుగువానిది.

కావున ప్రజలకొరకై ప్రోగ్రాము వ్రాయించు ప్రభుత్వ శాఖలును, సంస్థలును కంపైలరు హెచ్చరికలు తొలగినవని తృప్తిపడరాదు. తమ కనిష్ఠ వెర్షనును బాహాటముగా ప్రకటించి, 'కానిచో' అను పాయను ఒక పాత ఫోనుమీద నడిపించి చూచి, అచటను తోవ మూసియున్నచో మనుష్యుడు కూర్చున్న కౌంటరు నొకదానిని తెరచియుంచవలెను. ఎమ్మిగనూరు మగ్గము నూరేండ్లు కొత్తపనులు చేయగలుగుటకు దాని కట్టెయొక్క గట్టితనము కారణమే. అంతకు మించిన కారణము, అది చేయగల పనినే ఎరిగి దాని కప్పగించినవారు ఉండుట.