కాకినాడ వర్తకుల పరీక్ష

నాగోలు నుండి రాయదుర్గమునకు పోవు మెట్రోరైలులో ఉదయవేళ నిలుచుటకు చోటు దొరకుటయే భాగ్యము. మెడలో ఐడీ కార్డును, వీపున లాప్‌టాప్ సంచిని ధరించి, చేతిలోని ఫోను నుండి కన్నెత్తక ప్రయాణించు యువతీయువకులలో యూసుఫ్‌గూడ స్టేషను వచ్చినపుడు బయటకు చూచువారు మిక్కిలి అరుదు, చూచినను వారికచ్చట విశేషమేమియు కానరాదు. అయినను తమ కార్యాలయములలో నెలకొకమారైనను ఏ 'మోటివేషన్' అను మాట వీరి చెవిని పడుచుండునో, ఆ మాటలోని నిజానిజములను తెలుగు వర్తకులనే ఎదుట కూర్చుండబెట్టి పరీక్షించి చూచిన సంస్థ ఆ పేటలోనే యున్నది.

కేంద్ర ప్రభుత్వము 1960లో ఢిల్లీలో నెలకొల్పి, 1962లో హైదరాబాదునకు తరలించిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ అది. చిరకాలము 'సియెట్' అను పొట్టిపేరుతో చెలామణి అయి, నేడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అను నోరు తిరుగని పేరుతో వ్యవహరింపబడుచున్నది. హార్వర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రాచార్యుడైన డేవిడ్ మెక్లెలాండ్, ఒక జాతి సంపదకు గనులును మూలధనమును మాత్రమే గాక, చేపట్టిన పనిని ఇంతకంటె మేలుగా నెరవేర్పవలెనను జనుల అంతరంగమందలి తహతహయు కారణమని 1961లో 'ది అచీవింగ్ సొసైటీ' అను గ్రంథమున వాదించి యుండెను. ఆ తహతహ, అనగా సాధనాకాంక్ష, ఉగ్గుపాలతో అబ్బవలసినదేనా, లేక మీసములు నెరసిన పిదప కూడ నేర్పదగినదా అను ప్రశ్నకు సమాధానము వెదకుచు ఆయన 1964లో ఎన్నుకొనిన ఊరు మన కాకినాడ. పింఛనుదారుల స్వర్గమని పేరుపడిన పట్టణమున ఆకాంక్షను మేల్కొలుప బూనుట విధి వినోదమేమో గాని, ఓడరేవును వర్తకమును గల ఆ పట్టణము పరీక్షకు తగినదే.

కాకినాడ నుండి 52 మంది వ్యాపారులు కొందరు కొందరుగా యూసుఫ్‌గూడకు వచ్చి సుమారు 10 దినములు శిక్షణ పొందిరి. వడ్డీ లెక్కలును యంత్రముల మరమ్మతులును అచ్చటి పాఠములు కావు. ఒక బొమ్మను చూపి దానిపై కథ వ్రాయుమనిరి. ఆ కథలో నాయకుడు ఏదో ఒకటి సాధింపవలెనని తపించుచున్నాడా, లేక ఎవరో వచ్చి తన్ను గట్టెక్కింతురని ఎదురుచూచుచున్నాడా యని వారిచేతనే విమర్శింపజేసిరి. అసాధ్యమును గాక, అతిసులభమును గాక, నడిమి దూరమున లక్ష్యము నిలుపుకొను నేర్పును ఆటల ద్వారా అభ్యసింపజేసి, తుదకు రాబోవు రెండేండ్లలో ఎవరేమి చేయుదురో వారి చేతనే కాగితముపై పెట్టించిరి. అనంతరము విచారింపగా, శిక్షణ పొందని తోటివారికంటె వీరు ఎక్కువ చురుకుగా క్రొత్త వ్యాపారములు పెట్టి, పెట్టుబడులు పెంచినట్లు తేలెను. సంప్రదాయాచారములు అడ్డు వచ్చునను భయము నిరాధారమయ్యెను. తిరునామము పెట్టుకొనుట లాభనష్టములకు ప్రతిబంధకము కాదని మన కోమటి పేటలలో పసివానిని అడిగినను చెప్పి యుండును, కాని హార్వర్డునకు ఋజువు వలయును గదా.

ఆ వృత్తాంతము 1969లో డేవిడ్ వింటర్‌తో కలసి మెక్లెలాండ్ వెలువరించిన గ్రంథమున విస్తారముగ కలదు. అందు నా మనస్సునకు నాటుకొనిన విషయమొక్కటి యున్నది: తరగతిలో కూర్చుండిన వారందరికిని పాఠమొక్కటే అయినను, దాని ఫలితము ముఖ్యముగ కనిపించినది తమ వ్యాపారమును తామే నడపుకొనువారియందు, అనగా తలచినదానిని మరునాడే అమలుపరుపగల స్వాతంత్ర్యము కలవారియందు.

ఈ కాకినాడ పరీక్షకు నాలుగు దశాబ్దముల ముందు అమెరికాలోని షికాగో చెంత వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారి హాథార్న్ కర్మాగారమున మరియొక రీతి పరీక్ష జరిగినది. 1924లో దీపముల వెలుతురును పెంచి తగ్గించి చూచుటతో అది మొదలయ్యెను; 1927లో అయిదుగురు పడుచులను వేరు గదిలో కూర్చుండబెట్టి టెలిఫోను రిలేలను కూర్పించుచు విరామములను, పనివేళలను మార్చి చూచిరి. ఏ మార్పు చేసినను, తుదకు ఇచ్చిన విరామములను తీసివేసినను, ఉత్పత్తి మునుపటికంటె హెచ్చుగనే యుండెను. తమ్మును ఒకరు అడుగుచున్నారు, తమ మాట వినుచున్నారు అను భావమే ఇందులకు హేతువని ఎల్టన్ మేయో ప్రభృతులు వ్యాఖ్యానింపగా, మానవసంబంధముల సిద్ధాంతము ప్రభవించినది. 20,000 మందికి పైగా పనివారితో ముఖాముఖి సంభాషణలు జరిపిరి. అయితే పాఠ్యపుస్తకములు తరచుగ దాటవేయు సంగతి యొకటి కలదు: ఆ అయిదుగురిలో ఇద్దరిని, పనివేళ మాటలెక్కువైనవని, సహకరించుటలేదని 1928 ఆరంభమున ఆ గది నుండి తొలగించిరి. ఆదరమునకును ఒక హద్దు ఉండెనన్నమాట.

మాదాపూర్ రాతిగుట్టల నడుమ సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించునాటికి ఈ సిద్ధాంతములన్నియు ప్రపంచమంతట పరీక్షాపత్రములలో ప్రశ్నలై యుండెను. మాస్లో, హెర్జ్‌బర్గ్, మెక్‌గ్రెగర్ నామములు ఎంబీయే విద్యార్థులకు కంఠస్థములే. హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లను, గణకులను ప్రశ్నించి, జీతము అసంతృప్తిని పోగొట్టునే గాని ఉత్సాహమును పుట్టింపజాలదని 1959లో తేల్చెను. ఆ ఇంజనీర్లకు నల్లగండ్లలో ఫ్లాటు ఈఎంఐయు, ఊరిలో చెల్లెలి పెండ్లి బాకీయు లేవు కాబోలు! ఏప్రిల్ నెలలో మాదాపూర్ చాయ్ బండ్ల యొద్ద ఒక్క గడియ నిలిచి చెవియొగ్గినవానికి 'హైక్ ఎంత?' అను ప్రశ్న తప్ప వేరు తత్త్వచర్చ వినరాదు. దానికి నవ్వువారిలో నేను లేను. ఇంటికి మొదటి ఇంజనీరైన వానికి జీతమే గౌరవము, జీతమే స్వాతంత్ర్యము.

వ్యథ జీతము కొలది కాదు, కొలుచు విధానమువలన కలిగినది. జట్టులోని పదిమందియు ప్రాణములొడ్డి పనిచేసినను, వారిలో ఇంతమందే ఉత్తములు, ఇంతమంది అధములు కావలెనని ముందుగనే గీత గీచిన 'బెల్ కర్వ్' ఈ వీథులలో ఏండ్ల తరబడి రాజ్యమేలినది. 1998 నుండియు హైదరాబాదున శాఖ గల మైక్రోసాఫ్ట్ ఇట్టి పద్ధతినే పాటించి, 2013 నవంబరులో దానికి స్వస్తి చెప్పెను. మూడు మాసములకు, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలున చదివిన సత్య నాదెళ్ల ఆ సంస్థకు అధిపతి అయ్యెను. పిమ్మట పెక్కు సంస్థలు ఆ గీతను మానితిమని చాటినవి. కాని గీత పోయినను లెక్క పోలేదని చాయ్ బండివారికి తెలియును.

ఇపుడు ఈ ఐటీ కారిడారులో ప్రేరణకు కొదువలేదు. గోడలపై సూక్తులు, శుక్రవారపు ఆటలు, ఏడాదికొకమారు రిసార్టు విహారము, 'మీరు సంతోషముగ నున్నారా' యని పేరు వ్రాయనక్కరలేని సర్వే. కాని ఏడెనిమిదేండ్లు పనిచేసి టీమ్ లీడ్ అను బిరుదు పొందినవాడు, తన జట్టులో ఎవరికే రేటింగు ఇవ్వవలెనో తాను నిశ్చయింపజాలడు. క్లయింటు చెప్పిన తేదీని ఒక్క దినమైనను జరుపజాలడు. తాను రేపు ఏ ప్రాజెక్టులో ఉండునో, పని లేక బెంచిపై ఉండునో తానెరుగడు. కాకినాడ గ్రంథపు లెక్క ననుసరించి చూచినచో, ఇట్టివాడు ఎన్ని తరగతులు విన్నను ఫలితము కనిపింపనివారి పద్దులోనే పడును.

కావున హెచ్‌ఆర్ విభాగములవారికి నా మనవి యొక్కటే. వచ్చు ఏడాది ప్రేరణ తరగతులకు కేటాయించు సొమ్మును అట్లే ఉంచి, టీమ్ లీడ్ పైవారిని అడుగనక్కరలేక స్వయముగ నిర్ణయింపదగిన విషయములు ఏవియో ఒక కాగితముపై వ్రాసి చూడుడు. ఆ కాగితము సగమైనను నిండనిచో, ఆ తరగతులను రద్దు చేయుడు.