కత్తెర పట్టిన పాఠకులు

ఆ కాగితాన్ని మొదటిసారి విప్పిన ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. మేజా నిండా పరుచుకునేంత పెద్ద కాగితం, దాని మీద ఒకదానిపై ఒకటి పడి అల్లుకుపోయిన రంగురంగుల గీతలు. ఒక గీత కోటు చెయ్యి, దాన్ని అడ్డంగా కోసుకుపోయే మరో గీత స్కర్టు నడుము, ఆ రెండిటి మధ్యలో ఇంకో గౌను మెడ. తమకు కావలసిన నమూనా ఏ రంగులో ఉందో, ఏ అంకెతో ఉందో చూసుకుని ఆ గీత వెంటే వెళ్లి, పల్చటి కాగితం మీదికి దించుకోవాలి. దాన్ని గుడ్డ మీద పరిచి, కుట్టుకు కావలసినంత వదిలి కత్తిరించాలి. జర్మన్ ఫ్యాషన్ పత్రిక ‘బుర్డా మోడెన్’ లక్షల ఇళ్లలోకి వెళ్లింది ఈ చిక్కుల కాగితాన్ని పట్టుకునే.

పత్రిక స్థాపించిన ఎన్నె బుర్డా 1909లో ఆఫెన్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి రైలింజన్లో బొగ్గు వేసే కార్మికుడు. ప్రచురణకర్త ఫ్రాంజ్ బుర్డాను పెళ్లాడి, ముగ్గురు కొడుకులను పెంచారు. భర్తకు మరో స్త్రీతో సంబంధం ఉందనీ, ఆమె చేతిలో ఒక చిన్న ఫ్యాషన్ ప్రచురణ సంస్థ ఉందనీ 1949లో తెలిసింది. ఎన్నె ఆ సంస్థ తనకు కావాలని పట్టుబట్టారు. అప్పుల్లో ఉన్నదాన్నే చేతిలోకి తీసుకున్నారు. అప్పటికామెకు నలభై ఏళ్లు. 1950 జనవరిలో లక్ష ప్రతులతో తొలి సంచిక వచ్చింది.

అప్పటి పశ్చిమ జర్మనీ యుద్ధశిథిలాల మధ్య నుంచి లేస్తోంది. అంతకు మూడేళ్ల ముందు పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ గజాల కొద్దీ గుడ్డతో విశాలమైన స్కర్టులు చూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆ బట్టలు కొనే స్తోమత ఎవరికుంది? కుట్టుమిషను మాత్రం చాలా ఇళ్లలో ఉంది. ఎన్నె బుర్డా లెక్క ఇక్కడే కుదిరింది. చూసి మురిసిపోయే బట్టలు కాకుండా ఆఫీసుకో, పెళ్లికో, బజారుకో కట్టుకెళ్లగలిగేవి, సామాన్యురాలు తానే కుట్టుకోగలిగేవి ఇవ్వాలన్నది ఆమె పట్టుదల. 1952 నుంచి పత్రికతోపాటే నమూనా కాగితం రావడం మొదలైంది.

ఆది జాకెట్టు ఇచ్చి టైలరు చేత కుట్టించుకునే అలవాటున్న తెలుగువారికి ఆ కాగితం విలువ ఇట్టే తెలుస్తుంది. ఎవరో నేర్పుగా కత్తిరించిన కొలత ఇంటికే వస్తుంది, సంచిక పాతబడినా అది పనికొస్తూనే ఉంటుంది. అందుకే ఈ పత్రిక పాఠకులను అమ్ముడైన ప్రతులతో కొలిస్తే తక్కువ లెక్కే వస్తుంది. ఒక ప్రతి చెల్లెలికీ, పక్కింటికీ వెళ్లి అక్కడా కత్తెర ఆడించేది. అయినా 1960ల మధ్యకల్లా అమ్మకాలే పది లక్షలు దాటాయి. ఫ్యాషన్ చరిత్రలు ‘వోగ్’ చుట్టూ తిరిగినంతగా దీని చుట్టూ తిరగకపోవడం అన్యాయం. ధనవంతులు ఏం తొడిగారో అది చెబుతుంది, మిగతావాళ్లు ఏం తొడిగారో ఇది చెబుతుంది.

1987 మార్చిలో ఎన్నె మాస్కోకు వెళ్లారు. సోవియట్ యూనియన్‌లో రష్యన్ భాషలో వెలువడిన తొలి పాశ్చాత్య పత్రికగా ‘బుర్డా’ చరిత్రకెక్కింది. గోర్బచేవ్ సంస్కరణల కాలమది. ఒకప్పుడు స్టాలిన్ నాటి బూటకపు విచారణలు జరిగిన యూనియన్ల భవనపు స్తంభాల హాలులో, ఆ సందర్భంగా ఫ్యాషన్ ప్రదర్శన పెట్టారు. ప్రభుత్వ దుకాణాల్లో దొరికే బట్టలన్నీ ఒకే మూసలో ఉండే దేశం అది. అక్కడి ఆడవాళ్లకు ఇంట్లో కుట్టడం కొత్త కాదు, ‘రబోత్నిత్సా’ వంటి సోవియట్ పత్రికలూ నమూనాలు ఇస్తూనే వచ్చాయి. కొత్తగా వచ్చింది ఎంపిక. ఒకే సంచికలో అన్ని కోట్లు, అన్ని గౌన్లు, వాటి కొలతలతో సహా! ఏది కుట్టుకోవాలో తేల్చుకునేది ఇక వాళ్లే.

ఎన్నె బుర్డా 2005లో 96 ఏళ్ల వయసులో, పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. ‘బుర్డా స్టైల్’గా పేరు మార్చుకున్న ఆ పత్రిక నమూనాలు ఇప్పుడు కంప్యూటరు ఫైళ్లుగానూ అమ్ముడవుతున్నాయి. కొన్నవాళ్లు వాటిని మామూలు ప్రింటరులో ముక్కలు ముక్కలుగా అచ్చు తీసి, అంచులు కలిపి టేపు అంటించి, ఆ తర్వాత కత్తెర తీసుకుంటున్నారు.