సర్దుకుపోయిన పియానోలు

ఏటా సంవత్సరంలో 88వ రోజున ప్రపంచ పియానో దినం జరుపుకుంటారు. పియానోకు ఉండేవి 88 మెట్లు కాబట్టి ఆ లెక్క. జర్మన్ సంగీతకారుడు నిల్స్ ఫ్రామ్ 2015లో మొదలుపెట్టిన ఈ ముచ్చట మామూలు ఏడాదిలో మార్చి 29న, లీపు సంవత్సరంలో ఒకరోజు ముందుగా వస్తుంది. ఆ రోజు ఎక్కడ చూసినా కచేరీ పియానో బొమ్మే: నల్లగా నిగనిగలాడుతూ, మూత పైకెత్తి, తొమ్మిది అడుగుల పొడవు, 480 కిలోల బరువు. కానీ పియానో విద్వాంసుడి జీవితంలో ఎక్కువ గంటలు గడిచేది దాని ముందు కాదు. ఇంట్లో గోడవారగా ఉన్న మరో పియానో ముందు.

మిగతా వాద్యకారులకు ఈ బాధ లేదు. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. వయొలిన్ విద్వాంసుడు ఇంట్లో సాధన చేసిన వాద్యాన్నే పెట్టెలో పెట్టుకుని రైలెక్కుతాడు, దాని మీదే కచేరీ చేస్తాడు. పియానో వాయించేవాడు వట్టి చేతులతో వెళ్లి, హాల్లో ఏది ఉంటే దానితో కాపురం చేయాలి. అందుకే ఇంట్లో ఏ వాద్యం ఉంచుకోవాలన్నది అతనికి తరతరాల సమస్య. డబ్బుతో, జాగాతో, పక్కింటివాళ్లతో సర్దుకోగా మిగిలినదే ఇంటి పియానో.

పియానో పుట్టకముందే ఈ సర్దుబాటు మొదలైంది. యూరప్‌లో చర్చి ఆర్గన్ వాయించేవారికి సాధన మహా కష్టం. ఆర్గన్ మోగాలంటే వెనక ఒక మనిషి తిత్తులు ఊదాలి, అతనికి కూలి ఇవ్వాలి, చలికాలంలో చర్చిలో వేళ్లు కొంకర్లు పోతాయి. దానికి విరుగుడు క్లావికార్డ్. బల్లంత పెట్టె, మెట్టు నొక్కితే చిన్న ఇత్తడి రేకు తీగను తాకుతుంది. ఆ నాదం పక్క గదిలోకి కూడా సరిగా చేరదు. కాలితో వాయించే మెట్లున్న క్లావికార్డులూ ఆర్గన్ విద్వాంసుల ఇళ్లలో ఉండేవి. బాఖ్ ఏకాంతంలో వాయించుకోవడానికి దీన్నే ఇష్టపడేవాడని 1802లో ఆయన జీవిత చరిత్ర రాసిన ఫోర్కెల్ చెప్పాడు. కొడుకు సంగీతంలో పడతాడని హాండెల్ తండ్రి భయపడితే, ఆ పిల్లవాడు అటక మీద దాచిన క్లావికార్డ్ మీద రాత్రిళ్లు సాధన చేశాడన్నది మరో కథ. నమ్మడం, నమ్మకపోవడం వినేవారి ఇష్టం. 1763లో ఏడేళ్ల మోజార్ట్‌ను ఊరూరా తిప్పుతూ తండ్రి లియోపోల్డ్, దారిలో సాధన తప్పకూడదని ఆగ్స్‌బర్గ్‌లో స్టైన్ అనే పనివాడి దగ్గర ప్రయాణపు క్లావికార్డ్ ఒకటి కొన్నాడు.

తర్వాత పియానో వచ్చింది, పెరిగింది, ఇనుప చట్రం తగిలించుకుని ఇంటి గుమ్మం పట్టనంత అయింది. 1821లో సెబాస్టియన్ ఎరార్ రూపొందించిన కొత్త యంత్రాంగానికి లండన్‌లో హక్కులు తీసుకున్నారు. దానితో మెట్టు పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించవచ్చు. ఈ సుఖం తీగలు పడుకుని ఉండే పెద్ద పియానోకే దక్కింది. ఇంటి కోసం లండన్‌లో రాబర్ట్ వోర్నమ్ వంటివారు తీగలను నిలబెట్టి చిన్న పియానోలు చేశారు. వాటి బాటలోనే పారిస్‌లో ప్లెయెల్ కంపెనీ ‘పియానినో’ను తెచ్చింది. అలాంటి ఒక పియానినో చేసిన ప్రయాణం దగ్గర కాసేపు ఆగాల్సిందే.

1838 నవంబర్ 8న స్వరకర్త షోపాన్ మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపంలో, పాల్మా రేవులో దిగాడు. వెంట రచయిత్రి జార్జ్ శాండ్, ఆమె ఇద్దరు పిల్లలు. అతనికి ఎండ కావాలి, దగ్గు తగ్గాలి, మేజర్, మైనర్ కలిపి 24 కీలలో మొదలుపెట్టిన 24 ప్రెల్యూడ్‌లు (చిన్న పియానో రచనలు) పూర్తికావాలి. పియానో పంపుతానని పారిస్‌లో కమీల్ ప్లెయెల్ మాట ఇచ్చాడు. అది వచ్చేదాకా పని ఆగకూడదని పాల్మాలో ఒక స్థానిక పియానో సంపాదించారు. హువాన్ బౌజా అనే పనివాడు చేసిన చిన్న వాద్యం అది. పారిస్ జమీందారిణుల ఇళ్లలో ప్లెయెల్ పియానోల మీద వాయించిన చేతులకు అది ఏపాటి?

కొన్నాళ్లు ఎండ కాసింది. తర్వాత వాన మొదలైంది. ఎస్తాబ్లిమెంట్స్ పల్లెలో అద్దెకు తీసుకున్న ఇంటి గోడలు చెమ్మగిల్లాయి, షోపాన్ మంచం పట్టాడు. ముగ్గురు వైద్యులు వచ్చి చూశారు. ఒకాయన పోయాడన్నాడనీ, ఒకాయన పోతున్నాడన్నాడనీ, ఇంకొకాయన పోతాడన్నాడనీ షోపాన్ స్నేహితుడికి రాసిన ఉత్తరంలో వేళాకోళం చేశాడు. ఇది క్షయ అని ఊళ్లో గుప్పుమనడంతో ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. రోగి పడుకున్న మంచానికి, గోడల సున్నానికి కూడా డబ్బు వసూలు చేశాడు. డిసెంబర్ 15న అందరూ కొండమీది వాల్దెమోసా మఠానికి చేరారు. 1835లో ప్రభుత్వం సన్యాసులను పంపించేశాక ఆ మఠంలో గదులు అద్దెకు దొరుకుతున్నాయి.

ఆ గది ఎలా ఉందో షోపాన్ ఉత్తరం కళ్లకు కడుతుంది. ఎత్తైన కమాను కప్పు, నిలువెత్తు శవపేటిక ఆకారం, చిన్న కిటికీ, కిటికీ బయట నారింజ చెట్లు, తాటిచెట్లు. ఒక పాత చతురస్రపు బల్ల. దాని మీద బాఖ్ స్వరప్రతులు, పక్కన తన గీతలు. బౌజా పియానో కూడా అక్కడే. రాత్రయితే గాలి హోరు.

ప్లెయెల్ పియానినో డిసెంబర్ 20 ప్రాంతంలో పాల్మా రేవుకు చేరింది. చేరి అక్కడే ఆగింది. కస్టమ్స్ వాళ్లు పియానో ధరలో పెద్ద భాగాన్ని సుంకంగా కట్టమన్నారు. జార్జ్ శాండ్ గోల పెట్టింది, ఉత్తరాలు రాసింది, బేరమాడింది. ద్వీపపు అధికారుల మీద ఆమె వెళ్లగక్కిన కోపం తర్వాత రాసిన మయోర్కా పుస్తకంలో పేజీల కొద్దీ ఉంది. మూడు వారాలు గడిచాక సుంకం కాస్త దిగింది, పియానో బండెక్కి గతుకుల కొండదారిలో మఠానికి వచ్చింది. అప్పటికి జనవరి నడుమకొచ్చింది. 1839 జనవరి 22న షోపాన్ ప్రెల్యూడ్‌ల ప్రతిని పారిస్‌కు పంపేశాడు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఏ పియానో కోసం అంత రాద్ధాంతం జరిగిందో దాని మీద ఆ ప్రెల్యూడ్‌లకు చివరి మెరుగులు పడి ఉండవచ్చు. అసలు చాకిరీలో ఎక్కువ భాగం చేసింది ఊరు పేరు లేని బౌజా వాద్యమే. ఫ్రెంచి ముద్రణ మాత్రం కమీల్ ప్లెయెల్‌కు అంకితమైంది. పని ఒకరిది, పేరు ఒకరిది.

ఫిబ్రవరి 13న పందుల్ని ఎగుమతి చేసే ఓడలో, ఆ పందుల అరుపుల మధ్యే షోపాన్ పాల్మా వదిలాడు. పియానినోను వెనక్కి తీసుకెళ్లాలంటే మళ్లీ ఖర్చు, మళ్లీ కస్టమ్స్. క్షయరోగి ముట్టుకున్న వస్తువని పాల్మాలో కొనేవారు వెనకాడారు. చివరికి బ్యాంకరు కానూ కుటుంబం తీసుకుంది. 6668 నంబరు గల ఆ ప్లెయెల్ ఈనాటికీ వాల్దెమోసా మఠంలో నాలుగో గదిలో ఉంది. రెండో గదివాళ్లు తమ దగ్గరున్నదే షోపాన్ పియానో అని ఏళ్ల తరబడి యాత్రికులకు చూపించారు. ఆ పియానో షోపాన్ కాలం తర్వాత తయారైందని 2011లో పాల్మా కోర్టు తేల్చింది. బౌజా పియానోను 20వ శతాబ్దం తొలినాళ్లలో విద్వాంసురాలు వాండా లాండోవ్‌స్కా కొనుక్కుంది. 1940లో జర్మన్లు పారిస్ దగ్గరి ఆమె ఇంటి నుంచి వాద్యాలన్నింటినీ దోచుకుపోయారు.

షోపాన్ తర్వాత ఇంటి వాద్యం రకరకాల వేషాలు వేసింది. లిస్ట్ కోసం బోసెండార్ఫర్ కంపెనీ ఒక రాతబల్ల చేసిచ్చింది. సొరుగు లాగితే అందులో మూడు స్థాయిల మెట్ల వరుస బయటికొస్తుంది. బుడాపెస్ట్‌లోని లిస్ట్ స్మారక మ్యూజియంలో దాన్ని ఇప్పుడూ చూడవచ్చు. షూమాన్ 1845లో తన పియానో కింద కాలిమెట్ల పలక అద్దెకు తెచ్చి బిగించుకున్నాడు. ఆర్గన్ సాధనకని తెచ్చినది, దానికోసమే కొత్త రచనలు చేసేదాకా వెళ్లింది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఆల్మన్ విర్జిల్ అసలు తీగలే లేని కీబోర్డును అమ్మాడు. మెట్టు దిగితే ఒక టిక్కు, లేస్తే ఇంకో టిక్కు. ఒక మెట్టు లేచే టిక్కూ, తర్వాతి మెట్టు దిగే టిక్కూ ఒక్కటిగా వినిపిస్తే స్వరాలు అతుక్కున్నట్టు. మెట్టు ఎంత బరువుగా ఉండాలో మర తిప్పి మార్చుకోవచ్చు. సంగీతం తప్ప అన్నీ ఉన్న వాద్యం అది. పియానో విద్వాంసుడు పదెరెవ్‌స్కీకి ఆ మోత కూడా చాలలేదు కాబోలు, అమెరికా యాత్రల్లో తన సొంత రైలు పెట్టెలో నిజం పియానోనే పెట్టించుకుని ఊరికీ ఊరికీ మధ్య సాధన చేసేవాడు.

20వ శతాబ్దంలో కొందరు ఘనులకు ఇంటి వాద్యం మీద మమకారం ముదిరింది. న్యూయార్క్‌లో హోరోవిట్జ్ ఇంటి మేడమీద స్టైన్‌వే కచేరీ పియానోనే ఉండేది. 1986 ఏప్రిల్‌లో అరవయ్యేళ్ల తర్వాత మాస్కోలో వాయించడానికి వెళ్తూ ఆ ఇంటి పియానోనే క్రేన్‌తో కిటికీలోంచి దింపించి సముద్రం దాటించాడు. కెనడాలో గ్లెన్ గౌల్డ్ ప్రాణం పెట్టుకున్నది 1895 నాటి చికరింగ్ పియానో. మెట్ల మీద వేలు ఆనీ ఆనకముందే పలికే ఆ తేలికతనాన్నే అతను పెద్ద పియానోల్లో జీవితమంతా వెతికాడు. కుర్రవాడిగా ఒకరోజు మోజార్ట్ ఫ్యూగ్ సాధన చేస్తుంటే పనమ్మాయి పక్కనే వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసిందట. స్వరాలు చెవికి అందలేదు, వేళ్లకు మాత్రం అందాయి, అలాగే బాగుందనిపించిందట. కష్టమైన చోట్ల పక్కన రేడియో మోగించి సాధన చేయడం ఆ తర్వాత అతనికి అలవాటైంది.

మన దేశంలో ఈ కథ ఇంత తిన్నగా నడవదు. మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడయార్ స్వయంగా పియానో వాయించేవారు. ఆయన డబ్బుతోనే 1940ల చివర్లో రష్యన్ స్వరకర్త మెట్నర్ రికార్డులు హెచ్‌ఎంవీ తెచ్చింది, మెట్నర్ తన మూడో పియానో కాన్చెర్టోను ఆయనకే అంకితమిచ్చాడు. రాజుగారి మాట వేరు. తెలుగువాడి ఇంట్లో మెట్ల వాద్యం అంటే హార్మోనియమే. పద్యనాటకం దాని మీద బతికింది. తెలుగు సినిమాలో నాగేశ్వరరావు పియానో ముందు కూర్చున్నారంటే ప్రేమ ఎక్కడో బెడిసికొట్టిందని ప్రేక్షకుడికి తెలిసిపోయేది. ఆ పియానో మద్రాసు స్టూడియోది. పాటకు బాణీ కట్టింది మాత్రం ఎక్కువసార్లు చాప మీద కూర్చుని, హార్మోనియం తిత్తి ఊదుతూ. 1940లో ఆకాశవాణి గమకాలు పలకవని హార్మోనియాన్ని బయటికి నెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. రేడియోలో లేకపోయినా ఇళ్లలో దాని పెత్తనం తగ్గలేదు.

ఆ తర్వాత వరుస చెదిరిపోతుంది. 1980లో కాసియో కీబోర్డులు వచ్చాయి; అవి పెళ్లి ఆర్కెస్ట్రాలోకీ, చర్చిలోకీ, భజన మందిరంలోకీ ఒకేసారి దూరాయి. 1993లో యమహా ‘సైలెంట్ పియానో’ తెచ్చింది: అసలు సుత్తులు తీగలకు తగలకుండా ఆగిపోతాయి, సెన్సర్లు ఆ కదలికను పసిగట్టి హెడ్‌ఫోన్‌లో నాదం వినిపిస్తాయి. దాని అవసరం ఎందుకొచ్చిందో 2013లో స్పెయిన్ చూపించింది. పుయిగ్సెర్దా పట్టణంలో ఇంట్లో రోజుకు గంటల తరబడి సాధన చేసిందని ఒక పియానో కళాకారిణి మీద పక్కింటివారు కేసు పెట్టారు. ప్రాసిక్యూటర్ ఏడున్నరేళ్ల జైలు అడిగాడు. కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. ఇప్పుడు ఫోన్‌లో కూడా మెట్లు కనిపిస్తాయి; దాన్ని వాద్యం అనాలో ఆటబొమ్మ అనాలో ఎవరి ఇష్టం వారిది.

ఇక ఇప్పుడు కొనేవారి సంగతికొస్తే, రాయ్‌పూర్ వైపు తెలుగు కుటుంబాల్లోనూ పిల్లలకు పియానో నేర్పించాలనే సరదా ఉంది. రాయ్‌పూర్ పక్కనున్న మందిర్ హసౌద్ లాంటి చోట ఫ్లాట్ తీసుకుని నిజం పియానో పెట్టాలనుకునేవారు అక్కడి వాతావరణాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోవాలి. ఎండాకాలంలో చెక్క ఎండి శ్రుతి దిగుతుంది, వానాకాలంలో చెక్క ఉబ్బి శ్రుతి ఎక్కుతుంది. కిటికీ ఎండ తగిలే చోట, ఏసీ గాలి నేరుగా కొట్టే చోట పియానో పెట్టకూడదు. ఏడాదికి కనీసం రెండుసార్లు శ్రుతి చేయించాలి. రాత్రి సాధన ఉంటే మధ్య పెడల్ నొక్కినప్పుడు తీగల ముందు ఫెల్ట్ గుడ్డ దిగే మోడల్ చూసుకోవాలి. పక్కింటివాళ్లతో మాటా మంచీ మిగులుతుంది.

డిజిటల్ కొనేవారు నిజం పియానోలా బరువుగా దిగే ‘వెయిటెడ్’ మెట్లు 88 ఉన్నాయా, పెడల్ వస్తుందా అని అడగాలి. డబ్బు చాలకపోతే మొదటి ఏడాదికి 61 మెట్లతోనూ నడుస్తుంది. కానీ దుకాణంలోనే ఒకే మెట్టును ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. రెండుసార్లూ ఒకే మోత వస్తే, ధర ఎంత తగ్గించినా ఆ కీబోర్డు కొనకండి.