శిలపై ఓషధీధర్మం – జఠరంలో ఆమ్లపిత్తం

తుగ్గలి మండలంలో జొన్నగిరికి సమీపాన, ఎఱ్ఱగుడి కొండబండలపై అశోకచక్రవర్తి ధర్మశాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దపు ఆ ప్రాకృత శాసనాలలో రెండవది వైద్యానికి సంబంధించినది. మనుష్యులకు, పశువులకు చికిత్స ఏర్పరచడం, ఓషధులు, మూలాలు, ఫలాలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించడం అందులో ధర్మకార్యాలుగా ప్రకటితమయ్యాయి. చోళ, పాండ్య దేశాల నుండి యవనరాజ్యం వరకు ఈ సేవ విస్తరించిందని శాసనం చెబుతుంది. ఓషధి అక్కడ భూతదయకు ప్రత్యక్షరూపం.

ఓషధులకు నిత్యం పని కల్పించే వ్యాధులలో ఆమ్లపిత్తం ఒకటి. చరకసంహితలో దాని పేరు కనిపిస్తుందే గాని ప్రత్యేకాధ్యాయం లేదు. కాశ్యపసంహిత, మాధవకరుని నిదానగ్రంథం దానిని స్వతంత్రవ్యాధిగా నిరూపించాయి. అన్నం పక్వం కాక విదగ్ధమై పులియడం, చేదు పులుపు త్రేన్పులు, గుండెలో గొంతులో మంట, అరుచి దాని లక్షణాలు. జలసమృద్ధమైన అనూపదేశంలో ఈ రోగం అధికమని, ఔషధంతో శమించకపోతే దేశం మార్చాలని కాశ్యపసంహిత విధించింది. తుగ్గలి వంటి మెట్టసీమ దానికి విపరీతమైన జాంగలదేశ లక్షణాలు కలది. అయినా ఆహారనియమం తప్పినవారికి జాంగలంలోనూ రక్షణ లేదు.

ఉసిరిక, శతావరి, అతిమధురం ఇందుకు ప్రసిద్ధమైన ఓషధులు. త్రిఫల, త్రికటు, లవంగం, తెగడవేరు, శర్కర మొదలైనవి చేరిన అవిపత్తికర చూర్ణం వైద్యుల చేతిలో నేటికీ ఉంది. 1960వ దశకంలో అతిమధురం నుండి రూపొందిన కార్బెనాక్సోలోన్ బ్రిటన్‌లో జఠరవ్రణానికి ఔషధమైంది. వ్రణాలు మానాయి, కాని కొందరిలో నీరు నిలిచి, పొటాషియం క్షీణించి, రక్తపోటు పెరిగింది. అతిమధురాన్ని అధికమాత్రలో దీర్ఘకాలం సేవించినా ఇదే ప్రమాదం. మాత్ర తప్పితే అమృతమూ విషమే అన్న పెద్దల మాటకు ఇది నిదర్శనం.

1982లో వారెన్, మార్షల్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు జఠరంలో హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని గుర్తించారు. అనేక వ్రణాలకు మూలం అదేనని తరువాత నిర్ధారితమైంది. కనుక మంట వారాల తరబడి వీడకపోయినా, మలం నల్లబడినా, మింగడం కష్టమైనా, శరీరం కృశించినా చూర్ణంతో కాలం గడపరాదు, వైద్యపరీక్ష అవశ్యం.

గీత 15వ అధ్యాయంలో భగవానుడు ప్రాణుల దేహంలో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేస్తానన్నాడు. 17వ అధ్యాయంలో అతిగా కారం, పులుపు, ఉప్పు గల రాజసాహారం రోగకారకమన్నాడు. మితభోజనం ఆ అగ్నికి ఆరాధన. ఓషధి దానికి సహాయం. వివేకం ఆ రెండింటికీ రక్షణ.