బడి మూసిన రోజుల్లో పిల్లల దిగులు

1918లో ఫ్లూ అమెరికాని చుట్టేసినప్పుడు చాలా ఊళ్ళు బళ్ళు మూసేశాయి. న్యూయార్క్ మాత్రం మూయలేదు. అక్కడ దాదాపు పది లక్షల మంది బడి పిల్లలుంటే, ముప్పావు వంతు మంది గాలీ వెలుతురూ సరిగా లేని ఇరుకిళ్ళ వాళ్ళే. ఇంట్లో కంటే బళ్ళోనే వాళ్ళు క్షేమం అన్నాడు నగర ఆరోగ్యాధికారి రాయల్ కోప్‌లాండ్. రోజూ పిల్లల్ని పరీక్షగా చూసి, నలతగా ఉన్నవాళ్ళని వేరు చేసేవారు. నర్సులు ఇళ్ళకెళ్ళి కనుక్కునేవారు. నర్సుగా పనిచేస్తున్న నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఒకటే. రోజుకొకసారైనా పిల్లల ముఖం చూసే పెద్దమనిషి ఒకరు ఉండేవారు.

అయితే వాళ్ళు వెతికింది జ్వరం, దగ్గు. మనసు సంగతి ఇప్పటిలా ఎవరూ లెక్క కట్టలేదు. 1937లో పోలియో భయంతో షికాగోలో బళ్ళు తెరవడం ఆలస్యమైతే పాఠాలు రేడియోలో చెప్పారు. మన జూమ్ క్లాసులకి అది అమ్మమ్మ అన్నమాట! పాఠం ఆగలేదు గానీ, ఇంట్లో పిల్ల ఎలా ఉందో రేడియోకి కనిపించదు కదా.

కోవిడ్ వచ్చాక ఆ లెక్కలూ కట్టారు. 2021లో వైద్య పత్రిక జామా పీడియాట్రిక్స్ వేర్వేరు దేశాల 29 అధ్యయనాలు కలిపి చూసిన పరిశోధన వేసింది. దాదాపు 80 వేల మంది పిల్లల్లో నలుగురిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు, ఐదుగురిలో ఒకరికి యాంగ్జయిటీ లక్షణాలు కనిపించాయి. కోవిడ్‌కి ముందు ఇవి ఇంచుమించు ఇందులో సగమే. ఆడపిల్లల్లో ఎక్కువ. అమెరికాలో 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నం అనుమానంతో ఎమర్జెన్సీకి వచ్చిన 12-17 ఏళ్ళ అమ్మాయిలు, 2019లో అవే రోజులతో పోలిస్తే సగం మంది ఎక్కువ. అబ్బాయిల్లో పెరిగింది 4 శాతం లోపే. ఆ అక్టోబరులో ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘాలు దీన్ని జాతీయ అత్యవసర పరిస్థితి అని ప్రకటించాయి.

మన ఇళ్ళు గుర్తు చేసుకోండి. అమ్మ హాస్పిటల్ డ్యూటీలో. నాన్న బెడ్‌రూమ్‌లో కంప్యూటర్ ముందు. ఇండియా నుంచి ఫోన్ మోగితే ఎవరి వార్తోనని గుండె దడ. తాతయ్య పోయినా విమానం ఎక్కలేని రోజులు. పద్నాలుగేళ్ళ పిల్ల ఇవన్నీ చూస్తూ, తమ్ముడికి అన్నం పెడుతూ, కెమెరా ఆపేసి క్లాసులో కూర్చుంది. ఆ వయసుకి ఊపిరి స్నేహితులే. వాళ్ళూ లేరు.

ఊళ్ళో ఉన్న అక్కాచెల్లెళ్ళూ, మీకూ తెలుసు. తెలంగాణలో 2021 డిసెంబరులో ఇంటర్ ఫస్టియర్ ఫలితాలొస్తే సగానికి పైగా పిల్లలు తప్పారు. ఏడాదంతా ఫోన్లో చదువు, అదీ ఫోన్ ఉన్నవాళ్ళకే. చివరికి ప్రభుత్వం అందరినీ కనీస మార్కులతో పాస్ చేసింది. ఆ వారం ఆ పిల్లలు పడ్డ క్షోభకి మాత్రం మార్కులు లేవు.

మనవాళ్ళు తడబడేది ఎక్కడంటే, ఈ వయసులో దిగులు ఏడుపుగానే రావాలని లేదు. చిరాకుగా, తలుపు వేసుకోవడంగా, కడుపునొప్పిగా, పగలంతా నిద్రగా వస్తుంది. మనం దాన్ని పొగరు అంటాం. రెండు వారాలకి పైగా అలాగే ఉంటే, ఇష్టమైన పనీ వదిలేస్తే, డాక్టరుకి చెప్పండి. ఇక్కడ పన్నెండేళ్ళు దాటిన పిల్లలకి డిప్రెషన్ ప్రశ్నలు అడగాలన్నది వైద్య సిఫారసు. ఎనిమిదేళ్ళ నుంచి యాంగ్జయిటీ ప్రశ్నలూ అడగమన్నది 2022లో వచ్చింది. ఆ కాగితం పిల్లల్నే నింపనివ్వండి, పక్కన కూర్చుని జవాబులు చెప్పకండి. "నలుగురికీ తెలిస్తే పెళ్ళి ఎలా?" అనే మాట ఆ గదిలోకి తీసుకెళ్ళకండి.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చాలామంది పిల్లలకి అడిగితేనే చెప్పే దారి దొరుకుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, ఏ వేళైనా. ప్రాణాపాయం అనిపిస్తే 911.

బళ్ళు తెరిచి ఏళ్ళయింది. అప్పటి పద్నాలుగేళ్ళ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉన్నారు. ఈ వారం ఫోన్ చేసినప్పుడు మార్కులూ జీతమూ అడిగే ముందు, నిద్ర పడుతోందా అని అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఆగండి.